ఏరేటర్ అనే బిరుదు

అర్థం తెలియని బిరుదు మరొకరికి దక్కినందుకు మీరెన్నడైనా కుళ్ళుకున్నారా? నేను కుళ్ళుకున్నాను. ఏలూరులో డిగ్రీ చదివే ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలు: ప్రతి మాటకూ రుజువు కావాలి, ప్రతి వక్తృత్వ పోటీలోనూ కప్పు నాకే రావాలి. (రెండోదానికి రుజువు అవసరమని తోచలేదు.) మా డిబేట్ జట్టులో తాడేపల్లిగూడెం అబ్బాయి ఒకడుండేవాడు. అతడు లేచి నిలబడగానే వెనక బెంచీల నుంచి “ఏరేటర్! ఏరేటర్!” అని కేకలు. మహావక్త అనే అర్థంలో ‘ఒరేటర్’ అనబోయి, మా వాళ్ళు నోరు తిరగక అలా పలుకుతున్నారనుకున్నాను. ఉచ్చారణ దోషాలను ఏనాడూ సహించని నేను ఆ ఒక్క దోషాన్ని మాత్రం సవరించలేదు. తప్పో ఒప్పో, అది నాకు దక్కితే చాలుననిపించింది. అతడికి ఆ కేకలు పడినప్పుడల్లా నా చెవుల్లో సీసం పోసినట్టుండేది.

చివరికి సిగ్గు విడిచి, ఆ కేకలకు ఆద్యుడైన మండవల్లి ఊరి మిత్రుణ్ణి క్యాంటీన్లో పట్టుకున్నాను.

“ఏరా, నన్నూ అలా పిలిస్తే నీ సొమ్మేం పోయింది? వాడికంటే నేనేం తక్కువ?”

“తక్కువని ఎవడన్నాడ్రా? నీకైతే ఇంకో మోటారు ఎక్కువే!” అని నవ్వాడు. దానిని ప్రశంసగానే స్వీకరించాను. మర్నాటి పోటీలో నాకూ ఆ కేకలు పడ్డాయి. ఆనందం పట్టలేక మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఆ ఆదివారం ఆ మిత్రుడు నన్ను తమ రొయ్యల చెరువుకు తీసుకెళ్ళాడు. నీటి మధ్య ఒక యంత్రం చక్రాలతో నీళ్ళను చితక్కొడుతూ చెవులు హోరెత్తిస్తోంది. అదేమిటని వాళ్ళ నాన్నగారిని అడిగాను.

“ఏరేటరండీ బాబూ. రొయ్యకి గాలి చాలకపోతే తిప్పుతాం. ఉన్నచోటి నుంచి కదలదు గానీ, ఒకటే చప్పుడు, ఒకటే నురగ. మీ కాలేజీలోనూ ఒకటుండేదంట, ఇప్పుడు రెండయ్యాయంట గదండీ!”

మిత్రుడు గట్టు మీద పడి నవ్వుతూ దొర్లాడు.

ఇదంతా తెలిసి కూడా, మొన్న ఒక కబురు విని నా మనసు చివుక్కుమంది. మా కాలేజీలో ఇప్పుడెవరో కొత్తమ్మాయిని ‘ఏరేటర్’ అంటున్నారట. ఆ మాట పుట్టిందే ఆమె కోసమని చెప్పుకుంటున్నారట! వెక్కిరింత చేజారినా కుళ్ళుకునే నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. అయినా సత్యం సత్యమే కదా. మీలో ఎవరైనా అటు వెళితే, ఆ బిరుదుకు ముందే ఇద్దరు హక్కుదారులున్నారని దయచేసి ఆమెతో చెప్పండి. గూడెం అబ్బాయి సంగతి మరిచిపోయినా ఫరవాలేదు.