మడమ ఆనని జంతువు

చెప్పు అడుగు తిరగేసి చూస్తే చాలు, మనిషి గుట్టంతా విప్పేస్తాడని చెప్పులు కుట్టే మడమల మామకు ఊరంతా పేరు. ఒకసారి ఓ పెళ్లికొడుకు బూట్లు చూసి, వీడు పెళ్లినాడు పారిపోతాడని ముందే చెప్పాడట. బూట్లు మామ దుకాణంలోనే ఉండిపోయాయి కాబట్టి ఆ పెళ్లికొడుకు ఒట్టికాళ్లతో పరుగెత్తాడట. జనం మామను నమ్మారు. మామ మాత్రం ఎవర్నీ నమ్మడు.

అలాంటివాడి బావమరిది మ్యూజియంలో తాత్కాలిక కాపలాదారు. రాళ్ల క్వారీలో డైనోసార్ అడుగులున్న పలక దొరికిందని మోసుకొచ్చాడు. నిజమైనదైతే ఉద్యోగం ఖాయం, దొంగదైతే గేటు బయటికే.

"మీ తమ్ముడు ఉలి పట్టాడేమో!" అన్నాడు మామ భార్యతో.

"వాడా? మేకు కొట్టమంటే గోడ పగలగొట్టాడు."

"అదే నా అనుమానం. రానట్టు నటిస్తున్నాడు."

మ్యూజియం మేడమ్ మామకు కబురు పెట్టింది. "పెద్ద నిపుణుల్ని పిలిచాక ఇది దొంగదని తేలితే నా పరువు పోతుంది. ముందు మీరు చూసి చెప్పండి."

మామ పలక పక్కన బోర్లా పడుకుని ఒక్కో గుంటలో వేలు పెట్టాడు. మూడేసి వేళ్ల అడుగులు, తాడు మీద నడిచినట్టు ఒకే వరుసలో.

"బల్లిలా కాళ్లు పక్కకి చాపేదైతే అడుగులు ఎడంగా పడాలి. ఇది కాళ్లు ఒంటి కిందే పెట్టుకుంది. తోక ఈడ్చిన గీత లేదు. తోక గాల్లో పట్టుకుని తలబరువుకి సరితూచింది."

అంతలో మామ వేలు ఆగింది. ఎడమ అడుగులన్నీ లోతు తక్కువ. అది కుంటిది! మామ చటాలున లేచాడు.

"ఒరేయ్, నువ్వూ కుంటుతావు కదరా!"

బావమరిది మొహం పాలిపోయింది. "బావా, నా కొంప ముంచకు!"

మేడమ్ కళ్లు చిట్లించింది.

"బూట్లు విప్పు," అన్నాడు మామ.

మామ చేత్తో కుట్టిన బూట్లే. తిరగేశాడు. ఎడమ మడమ అట్టదాకా అరిగింది, కుడిది కొత్తదానిలా ఉంది. నొప్పి కుడికాలిది. మామ ఊపిరి వదిలాడు.

"వీడికి కుడికాలు నొప్పి, దానికి ఎడమకాలు. పైగా వీడు చెక్కితే తన నడకే చూసుకుని ముందు మడమ చెక్కేవాడు. మనిషి బరువు ముందు దిగేది అక్కడే. ఇక్కడ మడమ గుర్తే లేదు, వేళ్లే లోతు. ఇది నిజమైనదేనండీ."

"బావమరిది కాబట్టి వెనకేసుకొస్తున్నారా?"

"బావమరిది కాబట్టే నాలుగుసార్లు చూశాను. పరాయివాడైతే ఒక్కసారి చాలు."

నెల తర్వాత నిపుణులు వచ్చి అదే మాట చెప్పారు. ఉద్యోగం ఖాయమైంది. మామ కొత్త బూట్లు కుట్టి, కుడి మడమ కింద మెత్తటి తోలు అదనంగా వేసి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ బావమరిది అరచేతులు వెలుతురుకి తిప్పి చూశాడు, ఉలి పట్టిన కాయలేమైనా ఉన్నాయేమోనని.

లేవు.

"సరే, తొడుక్కో," అన్నాడు.