విరగని విమానం

మొదటే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం కోతలే. ఈతకాయంత జరిగితే తాటికాయంత చెప్పడం మా ఇంటి జబ్బు. నాకు తాటికాయ కూడా చాలదు, గెల మొత్తం దించుతాను. కోపం విషయంలో మాత్రం రవ్వంత కూడా కలపను. మొన్న చిలకలూరిపేట దాటాక మా కొత్త కారు, స్పీడు ఎక్కువైందని కుయ్ కుయ్‌మని మొత్తుకుంది. ఇంట్లో చెప్పేవాళ్ళు చాలరన్నట్టు, డబ్బు పోసి కొనుక్కున్న ఇనుము కూడా నాకు బుద్ధి చెప్పడమే. ఒళ్ళు మండి డ్యాష్‌బోర్డు మీద ఒకటి కొట్టాను. కొట్టాక, ఈ కూత ఎక్కడో విన్నానే అనిపించింది. విన్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా ముందు గదిలో, మా బాబాయి చేతికింద.

ఆ వేసవి మిర్చి ధర పడిపోయింది. బాబాయి టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజీలో పెట్టి, కోపాన్ని మాత్రం ఇంట్లో పెట్టుకున్నాడు. ఆయన వీధి మొదట్లో దగ్గితే చివరింట్లో పాలు విరిగేవి. అప్పుడే మా బావ, అంటే మా అక్క మొగుడు, గుంటూరులో కంప్యూటర్లు నేర్పే మాస్టారు, ఒక పాత కంప్యూటరు తెచ్చి అందులో విమానం నడిపే ఆట పెట్టి, జాయ్‌స్టిక్ బిగించి, కాలక్షేపానికని బాబాయిని కూర్చోబెట్టాడు. జాయ్‌స్టిక్ అడుగున ఇంజను జోరు పెంచే చిన్న మీట ఉంది. బాబాయి దాన్ని చూడగానే, "ఇది మన చేతి యాక్సిలేటరేరా" అన్నాడు. ముప్పంతా అక్కడే వచ్చింది. దుక్కి దున్నేవాడు ట్రాక్టరుకి చేతి యాక్సిలేటర్ ఒకసారి పెట్టాడంటే సాయంత్రం దాకా దాని జోలికి పోడు. చేను చివర గట్టు రాగానే హైడ్రాలిక్ లివరు ఒక్క గుంజు గుంజి, గొర్రు పైకి లేపి, బండి తిప్పుతాడు. బాబాయి ఆకాశాన్నీ అలాగే దున్నాడు. జోరు మీట చివరిదాకా తోసి వదిలేశాడు. ముక్కు కిందికి దించగానే స్పీడు ముల్లు ఎర్రగీత దాటింది, కూత మొదలైంది. నేల దగ్గర పడేసరికి జాయ్‌స్టిక్ పట్టిన ఆయన చేతికి గట్టొచ్చినట్టయింది. ఒక్క గుంజు. తెర నల్లబడి, తట్టుకోలేనంత ఒత్తిడి పడి విమానం విరిగిందని ఇంగ్లీషులో అక్షరాలొచ్చాయి.

"విరిగిందా? ఎవడ్రా చెప్పింది? విరిగితే ముక్కేదీ, చూపించమను" అన్నాడు బాబాయి.

"మావయ్యగారూ, ముక్కు దించేముందే జోరు తగ్గించాలండి" అన్నాడు బావ. "ముల్లుని ఎర్రగీత దగ్గరికి పోనివ్వకూడదు. పోయిందనుకోండి, జోరు తగ్గించి, ఉయ్యాల్లోంచి పసిపిల్లని ఎత్తినట్టు మెల్లగా ఎత్తాలి. ఆ వేగంలో గుంజితే రెక్కలూడతాయి."

"అలాగే అల్లుడుగారూ" అని బాబాయి పళ్ళు నూరాడు. అల్లుణ్ణి తిట్టకూడదు గదా, తిట్లన్నీ నాకు పడేవి. "ఒరేయ్, పక్కన నిలబడి అలా గాలి పీలుస్తావేంరా, దానివల్లే విరుగుతోంది" అనేవాడు.

ఆ వేసవిలో ఆయన విరగ్గొట్టిన విమానాల్ని పోగేస్తే మిర్చి యార్డు నిండిపోయి లారీలు బయటే ఆగేవి. అయినా వదల్లేదు. ఒకరోజు జోరు తగ్గించడం గుర్తొచ్చేది, మరోరోజు గుంజు కాస్త మెత్తబడేది. ఈలోగా బావ పొన్నూరులో ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో కూర్చుని, "మా చిన్నమావయ్య విమానానికి గొర్రు కట్టారండీ" అన్నాడు. అది సాంబారు వడ్డించేలోపే యార్డుకి చేరింది. అక్కడ బాబాయి మాటంటే మాటే. అలాంటి మనిషిని తోటి రైతులు, "ఏమయ్యా, ఆకాశంలో ఎన్ని సాళ్ళయ్యాయి?" అని అడగడం మొదలుపెట్టారు. బాబాయి ఇంటికొచ్చి చెంబు విసిరి, "ఆదివారం రమ్మన్నాను అందర్నీ. వాళ్ళ కళ్ళముందే దించుతాను" అన్నాడు.

ఆదివారం సగం యార్డు మా గదిలో ఉంది. పిన్ని బజ్జీలు వేస్తోంది. విమానం బాగానే లేచింది. దిగే వేళకి అన్ని కళ్ళు వీపుమీద ఉండేసరికి బాబాయి జోరు మీట సంగతి మర్చిపోయాడు. కూత, ఎర్రగీత, ఒక్క గుంజు. విరగలేదు. గంతులేస్తూ దిగి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి వెనక్కి తిరగలేదు.

"ఇది విరగాలి" అన్నాడు. "నేను గుంజాను. నా చేతికి తెలుసు. ఎందుకు విరగలేదు?"

బావ బజ్జీ నముల్తూ, "పొద్దున్నే విరక్కుండా సెట్టింగు మార్చేశాన్లెండి మావయ్యగారూ. నలుగుర్లో మీ పరువు పోకూడదు గదా" అన్నాడు.

మా ఇంట్లో ఒక అల్లుడి వెనక 'గారు' ఊడిపోవడం అదే మొదలు. "నా పరువుకి నువ్వు కాపలా ఏంట్రా? నా చేతిలో విరిగితే అది నా విమానం. విరక్కుండా నువ్వు కట్టిపెడితే అది బొమ్మ. పెట్టు. విరగడం మళ్ళీ పెట్టు."

పిన్ని గరిటెతో పరిగెత్తుకొచ్చి, "అల్లుడండీ, ఏంటా మాటలు" అంది.

"అల్లుడైతే?" అన్నాడు బాబాయి.

నాకైతే ఆయనకంటే ఎక్కువ మండింది. ఇప్పటికీ బావ వస్తే కాఫీలో పంచదార వెయ్యను. బావ గొణుక్కుంటూ సెట్టింగు పెట్టాడు. బాబాయి మళ్ళీ లేపాడు. ఈసారి దిగేముందే జోరు తగ్గించాడు. ముల్లు ఎర్రగీతకి ఇవతలే ఉంది. నేల దగ్గర పడ్డాక పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాడు. చక్రాలు రన్‌వే మీద ఆనాయి. "దించావయ్యా" అన్నాడు యార్డు పెద్దమనిషి ఒకాయన.

ఇక కోతల లెక్క ఒప్పజెప్పాలి. విరిగిన పాలూ, యార్డు నిండిన విమానాలూ ఎలాగూ మీరు నమ్మి ఉండరు. నేను నిజంగా కల్పించింది ఆ రెండోసారి దిగడం. జోరు తగ్గించిన మాట నిజమే. కానీ నేల కనబడగానే ఆ చెయ్యి మళ్ళీ గట్టు చూసింది. గుంజింది. తెర నల్లబడింది. బాబాయి కుర్చీ వెనక్కి తిప్పి, "చూశారుగా, విరిగింది. నేనే విరగ్గొట్టాను" అన్నాడు. ఒక్కడూ నవ్వలేదు. యార్డులో మళ్ళీ ఎవరూ సాళ్ళ మాట ఎత్తలేదు. ఆయన పోయాక ఈ కథ ఎవరికి చెప్పినా నేను ఆ విమానాన్ని దించుతూనే ఉన్నాను. అంటే ఆ పొద్దున బావ చేసిన పనే నేనూ చేస్తున్నాను, బాబాయి వింటే నా వీపు చీరేసేవాడు. ఏం చెయ్యను, చేతి యాక్సిలేటర్ పెట్టి వదిలేసిన బండిలా ఏళ్ళన్నీ పల్లానికి పోతుంటే, ఒక్క ఆదివారమైనా మెల్లగా దిగితే బాగుండుననిపిస్తుంది.