బల్ల చీటీ

షార్జా రోలాలో మా అమ్మాయి ఫ్లాట్‌లో నా సూదుల డబ్బా మూత తీస్తే, చేతికి అంటుకునే లోహపు వాసన వస్తుంది. అందులో రూపాయి బిళ్ళంత సీసపు బిళ్ళ ఒకటి ఉంది; ఒకవైపు గిన్నె బొమ్మ, రెండోవైపు ఏమీ లేదు. అది నా చేతికొచ్చింది 2006 అక్టోబరు చివరి శుక్రవారం, సాయంత్రం నాలుగుంబావుకు.

నాతో ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసిన ఎల్సా దక్షిణాఫ్రికా నర్సు. మూడు వందల ఏళ్ళ కిందట రాజు తమ మతాన్ని నిషేధిస్తే ఫ్రాన్సు నుంచి పారిపోయిన హ్యూగెనోలనే ప్రొటెస్టెంట్లు ఆమె పూర్వీకులు. ఏటా వాళ్ళ జ్ఞాపకార్థం తన ఫ్లాట్‌లో ప్రార్థన కూడిక పెట్టేది. ఏ కొత్త శాఖలోకి లాగుతుందోనని నాలుగేళ్ళు తప్పించుకున్నాను. నాకు అరవై నిండి, వీసాకు చివరి ఏడాది కనుక ఐదోసారి పిలిచినప్పుడు వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు లెక్కపెట్టాను, మావి కలిపి పందొమ్మిది జతలు. ఎల్సా ఒక్కొక్కరి చేతిలో బిళ్ళ పెట్టి లోపలికి పంపుతోంది.

"ఏంది సిస్టర్, సినిమా టికెట్టా?" అంది నాతో వచ్చిన నెల్లూరు నర్సు సువార్త. "యల్లా, పదండి. లోపల కేకు వాసనొస్తా ఉండాది."

గోడ మీద ఫోటోలు: వాళ్ళు స్థిరపడిన లోయ, ద్రాక్షతోటలు, మూడు తోరణాల స్మారకం. ఫ్రాన్సులో మిగిలినవాళ్ళు కొండల్లో దొంగచాటుగా ఆరాధించేవాళ్ళట; బిళ్ళ ఉన్నవాడు మనవాడు, లేనివాడు వేగులవాడని ఎల్సా చెప్పింది. నేను వెనక వరసలో కూర్చున్నాను.

మా ఊళ్ళో అది కాగితం చీటీ. బాపట్ల దగ్గర మా పల్లెలో నెలకొకసారి ప్రభు బల్ల, చీటీ ఉన్నవాళ్ళకే రొట్టె, ద్రాక్షరసం; ముందురోజు శనివారం, అలికిన నేల పచ్చివాసన, ఆరేసిన తెల్లచీరల గంజివాసన కలిసిపోయిన వీధిలో సంఘపెద్ద తాత ఇల్లిల్లూ తిరిగి తగినవాళ్ళకే బల్ల చీటీ ఇస్తుంటే, ఎవరికి రాలేదోనని ఒక గుమ్మం ఇంకో గుమ్మంలోకి తొంగిచూసేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పలక మీద రోజూ తారీఖు వేసేదాన్ని.

"ఏమే పాపా, మీ అమ్మ పక్కింటోళ్ళ పోలేరమ్మ పొంగలి తిన్నదంట, నిజమేనా?" అని తాత నన్ను వీధిలో ఆపి అడిగాడు.

"నిజమే తాతా. పోయిన మంగళవారం. రెండు ముద్దలు."

నేను తిన్న మూడు ముద్దల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అమ్మకు ఏడు నెలలు చీటీ రాలేదు. అందరూ ముందుకు వెళ్ళి రొట్టె తీసుకుంటుంటే వెనక చాప మీద ఒక్కతే కూర్చునేది. నన్ను కొట్టలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ముద్దలు గూడా లెక్కబెట్టావటే తల్లీ?" అంది.

ఎల్సా ఇంట్లో చివర రొట్టె పళ్ళెం తిరిగింది. బిళ్ళ ఇచ్చి ముక్క తీసుకోవాలి. నేను తల అడ్డంగా ఊపి, బిళ్ళను కొంగులో ముడివేశాను. అందరూ లేచాక ఎల్సా బిళ్ళలు రెండుసార్లు లెక్కపెట్టింది, పద్దెనిమిది. నా వైపు చూసింది. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

2008లో ఆమె వెళ్ళిపోయింది, కూడిక ఆగిపోయింది. మా ఊళ్ళో చీటీలు ఎప్పుడో మానేశారు. తాతా లేడు, అమ్మా లేదు. డబ్బాలో బిళ్ళ ఉంది. అమ్మకు రావలసినవి ఏడు. ఇది ఒకటి.