చెప్పనా, ఆపనా?

మా చదువుల గదికి, అంటే మా పేటవాళ్ళు పెట్టుకున్న చిన్న గ్రంథాలయానికి, అధ్యక్షుడిగా నన్ను వరసగా ఎనిమిదిసార్లు ఎన్నుకున్నారు. పోటీకి ఎవరూ నిలబడలేదని కొందరంటారు; నిలబడే ధైర్యం ఎవరికీ లేకపోయిందని నేనంటాను. పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. డిక్టేషన్‌లో నా పలక మీద తప్పు దొరికిన రోజు లేదు. తర్వాత అచ్చాఫీసులో మిషను తుడిచే పనికి కుదిరి ఫోర్‌మన్ దాకా ఎదిగాను. ఆ మిషను నా ఎడమ చెవిని తినేసింది గానీ, కుడి చెవి మాత్రం పాము చెవి. పక్కింట్లో పాలు పొంగుతున్నా ఇక్కణ్ణించే చెప్పేస్తాను. ఈ గదికి పైకప్పు వేయించింది నేను. మొదటి బీరువా నా భుజం మీద మోసుకొచ్చాను. ఇదంతా ఎందుకంటే, మా చెల్లెలు తన గురించి ఒక్క ముక్క చెప్పుకోదు. గొప్పలు చెప్పుకునే బాధ్యత మా ఇంట్లో నా ఒక్కడిదే అయింది. ఇప్పుడు ఆవిడ వంతు కూడా నేనే చెబుతాను.

చెల్లెలు బట్టలు కుడుతుంది. చెప్పుల షాపు పక్కన, మెట్ల కింద ఇరుకు గది. వీధి వైపు మిషను, లోపల కత్తెర బల్ల. ఆ బల్ల చివర ముక్కాలి పీట మీద కూర్చుని మా బావ, అంటే ఆవిడ భర్త, కాజాలు కుట్టేవాడు, బొత్తాలు పెట్టేవాడు. పెదాల మధ్య ఎప్పుడూ దారం ముక్కో గుండుసూదో ఉండేది. అందుకని ఆయన జవాబులన్నీ ఒకటే.

"నీకసలు మాటలొచ్చా బావా?" అని ఏడిపించేవాణ్ణి.

"ఊఁ."

"రావా?"

"ఊఁ."

"ఊరుకో అన్నయ్యా, ఉన్న ఆ ఒక్కటీ అరిగిపోతుంది" అనేది చెల్లెలు, మిషను తొక్కడం ఆపకుండానే.

చిన్నప్పుడు చెల్లెలు కథలు చెబితే ఊఁ కొట్టింది నేనే. ఇది కూడా నా ఘనతల్లోనే రాసుకోండి. మధ్యలో ఊఁ ఆగిందంటే తొడ మీద గిల్లేది, నిద్ర ఎగిరిపోయేది. పెళ్ళయ్యాక ఆ ఉద్యోగం బావకి అప్పగించాను. లంగాలు, చొక్కాలు, బడి పిల్లల నిక్కర్లు కుడుతూ ఆవిడ చెప్పిన కథే తర్వాత 'వినేవాళ్ళ కోట' అనే నవలయింది. మూడు భాగాలు.

చదవనివాళ్ళ కోసం చెబుతాను. అందులో మంత్రాలూ, తాయెత్తులూ, మంత్రదండాలూ లేవు. ఆ కోటలో ఎవరైనా నోటితో చెప్పింది నిజమైపోతుంది. గోడ ఉందంటే గోడ లేస్తుంది, ఏరు పారిందంటే పారుతుంది. కాకపోతే పక్కన ఒకరు కూర్చుని ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందా, లేచిన గోడ పిండిలా రాలిపోతుంది. ఊఁ కొట్టినవాడికి ప్రతిసారీ లోకంలో ఒక చప్పుడు వినిపించడం మానేస్తుంది. మొదట పిచ్చుకలు. తర్వాత వాన. తర్వాత సొంత పిల్లల నవ్వు.

"ఇదెక్కడి న్యాయమే? చెప్పేవాళ్ళకి ఏ నష్టమూ లేదా?" అని అప్పట్లోనే అడిగాను.

"చెప్పేవాళ్ళకేముంది, నోటి దురద తీరుతుంది. అరిగిపోయేది వినేవాళ్ళే కదా అన్నయ్యా."

పీట మీంచి బావ "ఊఁ" అన్నాడు. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

మొదటి రెండు భాగాలూ అచ్చయి, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడేదాకా తిరిగాయి. మూడోది చెబుతుండగా బావ మంచం పట్టాడు. చెల్లెలు మిషనుని ఇంటికి తెచ్చి మంచం పక్కనే వేసుకుంది. కుట్టుపని ఆగితే ఇల్లు గడవదు, కథ ఆగితే ఆయనకి తోచదు. ఒక మధ్యాహ్నం ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, మొహం వాడిపోయి ఉంది. ఆవిడ పెడల్ మీంచి కాలు తీసి అడిగింది: "చెప్పనా, ఆపనా?"

"ఊఁ" అన్నాడు.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. కాసేపటికి ఊఁ రాలేదు. మళ్ళీ రాలేదు.

బావ పోయాక మళ్ళీ షాపు తెరిచింది గానీ, మనిషి అదివరకటి మనిషి కాదు. నాలుగు కుట్లు వేసి కాలు ఆపేసేది. తల పీట వైపు వాల్చి, ఊపిరి బిగబట్టి ఉండిపోయేది. ఆ పీట మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఒకసారి, "ఎవరన్నా పిలిచారా?" అని అడిగితే, "ఇంకా లేదండీ" అంది. ఆ వచ్చినావిడ తన బట్ట మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

నన్ను మాత్రం ఒకరోజు అడిగేసింది. "దేనికన్నాడు అన్నయ్యా ఊఁ అని? చెప్పమనా, ఆపమనా? ఆపమన్నాడేమో. అంత నొప్పిలో ఉన్న మనిషి చెవి దగ్గర కూర్చుని నేను గోల పెట్టానేమో."

ప్రతిదానికీ జవాబుండే నేను, ఆ పూట కత్తెర బల్ల మీది గుండుసూదులు ఏరి డబ్బాలో వేశాను.

మూడో భాగం ఎలా ముగించిందో మీలో చాలామందికి తెలుసు. కోటలో అందరూ పోయారు. కథ చెప్పే ముసలిది ఒక్కతే మిగిలింది. ఖాళీ గది వైపు తిరిగి, "చెప్పనా, ఆపనా?" అంటుంది. చీకట్లోంచి "ఊఁ" అని వినిపిస్తుంది. అంతే, పుస్తకం అయిపోయింది.

చదివినవాళ్ళు రెండు జట్లయిపోయారు. మూడు భాగాలూ కలిపి ఒకే పుస్తకంగా వేస్తానని వచ్చిన ప్రచురణకర్త, "చివర ఒక్క వాక్యం కలపండమ్మా. చెప్పమన్నట్టో, ఆపమన్నట్టో ఏదో ఒకటి తేల్చేయండి. పాఠకులు నన్ను తిడుతున్నారు" అని పట్టుబట్టాడు. చెల్లెలు అవుననలేదు, కాదనలేదు. ఆదివారం పాఠకుల్నే మా చదువుల గదికి పిలిచి అడుగుదామన్నాను. ఏ సభకీ గడప దాటని మనిషి, ఆ ఆదివారం పొద్దున్నే నాకంటే ముందొచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. పక్కన కుర్చీ ఖాళీగా వదిలింది. ఎందుకొచ్చిందో నాకొక్కడికే తెలుసు. పుస్తకం ఎలా ఉందో ఆవిడకి అక్కర్లేదు. తనకి తేలనిది వీళ్ళలో ఎవరికైనా తేలిందేమోనని వచ్చింది.

మందుల షాపాయన ముందు లేచాడు. "అమ్మా, మీమీద గౌరవంతోనే చెబుతున్నా. మొదటి భాగంలో మీరే రాశారు, పోయినవాళ్ళు ఊఁ కొట్టలేరని. చివర్లో ఎవరు కొట్టారు మరి? మీరు పెట్టిన నియమం మీరే తుంగలో తొక్కారు. ఇది మోసం!"

"మోసమా?" అని ఎగిరింది లెక్కల మేడం. "రెండో భాగం అంత సాగదీసిందే, అది మోసం. నలభై పేజీలు ఒక్క గోడే కట్టారు. చివర మాత్రం అద్భుతం. నాకు ఒళ్ళు జలదరించింది."

"మీకు ఫ్యాను గాలికి కూడా జలదరిస్తుంది మేడం."

"మీ మందులు వాడుతున్నా కదండీ, అందుకే."

గదంతా గొల్లుమంది. నేను బల్ల గట్టిగా చరిచాను. నా అధ్యక్షతలో సభ చెయ్యి దాటిపోయిన చరిత్ర లేదు.

"సరే, ఆ ఊఁ దేనికంటారు?" అని అడిగాను.

"ఆపమని," అన్నాడు మందుల షాపాయన. "ముసలిదాని అలసట చూళ్ళేక."

"చెప్పమని," అంది మేడం. "ఆపమనేవాడు ఊఁ ఎందుకంటాడు, చాలు అంటాడు."

"నోట్లో గుండుసూది ఉంటే చాలు అని ఎలా అంటాడండీ?"

అన్నది చెల్లెలు. ఏ పుస్తకంలోనూ గుండుసూది లేదు. అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ లేచి నిలబడింది. చీర కొంగుని వేళ్ళతో మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది.

"మీకూ తెలీదన్నమాట," అంది. "అన్నయ్యా, నువ్వు చెప్పు. అందరికంటే ముందు నా కథలు విన్నవాడివి నువ్వే. ఇక నేను చెప్పనా, ఆపనా?"

ఏదో పెద్దమనిషి తరహాగా జవాబివ్వాలని గొంతు సవరించుకున్నాను. వాక్యం కూడా సిద్ధంగానే ఉంది. కానీ ఆ గొంతు, ఆ అడగడం, చిన్నప్పటి మంచం మీద అడిగినట్టే ఉంది. నోట్లోంచి వచ్చింది వేరు.

"ఊఁ" అన్నాను.

మందుల షాపాయన నవ్వబోయి ఆగాడు. చెల్లెలు కొంగు మడవడం ఆపింది.

"దేనికన్నావు?" అంది మెల్లగా.

"దేనికీ కాదే. నువ్వు అడిగావు, అన్నాను."

"ఏమడిగానో విన్నావా?"

"నీ గొంతు విన్నాను."

ఆవిడ కూర్చుంది. పక్కనున్న ఖాళీ కుర్చీని చేత్తో తన దగ్గరికి లాక్కుంది. ఎన్నాళ్ళకో ఆవిడ ఊపిరి పూర్తిగా వదలడం చూశాను. ప్రచురణకర్తకి మర్నాడే కబురు పంపింది, వాక్యం కలపనని. మందుల షాపాయన ఇప్పటికీ మోసమనే అంటాడు. మేడం ఇప్పటికీ ఆయన దగ్గరే మందులు కొంటుంది.

ఆ ఆదివారం సాయంత్రమే షాపులో, "కూర్చో అన్నయ్యా" అని ముక్కాలి పీట నా వైపు తోసింది. మిషను తొక్కుతూ నాలుగో భాగం మొదలుపెట్టింది. నేను ఊఁ కొట్టాను.

మర్నాటి నుంచి మా ఇంటి గోడ గడియారం చప్పుడు నాకు వినిపించడం లేదు. ముల్లు కదులుతూనే ఉంది, మా ఆవిడకి వినిపిస్తూనే ఉంది. డాక్టరు నా కుడి చెవిలోకి లైటు వేసి చూసి, గుబిలి తీసి, వయసు అన్నాడు. నిజమే, వయసే అయ్యుంటుంది. చెల్లెలికి చెప్పలేదు.

రోజూ పొద్దున్నే లేచి వింటాను. పక్కింటి పాలు, కుళాయి నీళ్ళు, మా ఆవిడ సణుగుడు, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటాను. సాయంత్రం కాగానే చెప్పులేసుకుని షాపుకి బయల్దేరతాను.