పెద్దబాపు తువ్వాల ముళ్ళు

నిన్న ఆదివారం, ఉతకడానికి బట్టలు తీస్తూ నా భార్య నా జేబురుమాలు పట్టుకొచ్చి, "గీ ముడేంది? ఇప్పాల్నా, ఉంచాల్నా?" అని అడిగింది. కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు. అడగడంలో న్యాయముంది. నేను జాబితాల మనిషిని. కరీంనగర్‌లో కరెంటు మీటర్లు పరీక్షించి సరిచేసే ఉద్యోగం నాది. పొద్దున చేయాల్సిన పనులకు ఒక జాబితా, బజారు నుంచి తేవాల్సినవాటికి ఒకటి, రాయాల్సిన ఉత్తరాలకు ఒకటి, అన్నీ వంటింటి గోడకు మేకుకు గుచ్చి ఉంటాయి. అన్నీ రాసుకునేవాడు రుమాలుకు ముడి ఎందుకు వేసుకుంటాడు? "ఉంచు" అన్నాను. ఆమె ముడిని పిడికిట్లో పట్టుకుని మిగతా గుడ్డంతా ఉతికింది. ఆ తడి రుమాలు తీగ మీద ఊగుతుంటే, కాగజ్‌నగర్‌లో ఒక ఇంటి వసారాలో ఇలాగే ఊగిన ఎర్రగళ్ళ తువ్వాల కళ్ళ ముందుకు వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. హైదరాబాదులో డిప్లొమా పూర్తిచేసి కాగజ్‌నగర్ కాగితం మిల్లులో చేరాను. మాది మానేరు ఒడ్డున నేతపని చేసే ఇల్లు. మగ్గం గుంటలో కూర్చోనని చెప్పి, బాపుతో మాటా మాటా పెరిగి, అన్నం ముందు నుంచి లేచి వచ్చినవాణ్ణి. ఆ తర్వాత రెండేళ్ళు ఊరి ముఖం చూడలేదు. స్టేషన్ వెనక ఒక పెంకుటింట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటాయన రైల్వేలో సిగ్నల్ దీపాలకు నూనె పోసి వెలిగించే పని చేసి రిటైరైన క్రైస్తవుడు. నెల తిరక్కుండానే ఆయన నాకు పెద్దబాపు, ఆయన భార్య పెద్దమ్మ అయిపోయారు. వరుస కలిసింది కానీ నీళ్ళు కలవలేదు. బయల్దేరేటప్పుడు "పరాయి కులపోళ్ళింట్ల నీళ్ళు తాగకు కొడుకా" అని మా అవ్వ చెప్పిన మాట పట్టుకుని, పెద్దమ్మ వండిన అన్నం తింటూనే నీళ్ళు మాత్రం నా గదిలో నా కుండలోవే తాగేవాణ్ణి. ఇందులో తర్కం ఎక్కడుందని ఇప్పుడు వెతికితే దొరకదు. పెద్దమ్మ మాత్రం "నీ కుండ పల్గకుండ సూస్కో, ఎండకాలం వస్తున్నది" అని నవ్వేది.

పెద్దబాపుకు ఇంకో పని ఉండేది. చర్చివాళ్ళు జీతం లేకుండా అప్పజెప్పిన పని. ఆసుపత్రిలో, బస్తీల్లో జబ్బుపడ్డవాళ్ళను, దిక్కులేనివాళ్ళను చూసి రావడం. దానికి చాప్లెయిన్ అని పెద్ద పేరుంది, ఆ పేరు రాసిన అట్టముక్క ఒకటి బైబిల్లో ఉండేది కూడా. బస్తీలో ఎవరికీ ఆ పేరు నోరు తిరగక ప్రార్థనయ్య అన్నారు. ఎండ తగ్గాక, మిల్లు పొగ వెదురు తోపుల మీదికి పాలు ఒలికినట్టు జారే వేళ, తువ్వాల భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఆ ఊళ్ళో సాయంత్రానికి ఒక వాసన ఉండేది. ఉడికిన వెదురు, బొగ్గు, ఎవరింట్లోనో వేగుతున్న జొన్నరొట్టె, అన్నీ కలిసి నిద్రలోకి లాగే వాసన. ఆ వాసనలో ఆయన నడిచి పోతుంటే నేల మీద అడుగు పడుతుందా లేదా అని అనుమానం వచ్చేది.

ఆయన పద్ధతి వేరు. ఏ ఇంటికి వెళ్ళినా గడప బయటే కూర్చుని, "జర మంచినీళ్ళియ్యి బిడ్డా" అనేవాడు. కొందరు గిలాసతో ఇచ్చేవారు, కొందరు పైనుంచి దోసిట్లో పోసేవారు. దోసిట్లో పోస్తే తాగి, మిగిలిన తడి ముఖానికి రాసుకుని, "నీళ్ళు తాగినట్టాయె, మొకం కడుక్కున్నట్టాయె" అనేవాడు. నీళ్ళు ఎందుకు అడుగుతావని ఒకసారి అడిగాను. "నేను ఇచ్చెటోని లెక్క పోతే వాళ్ళు తలకాయ దించుకుంటరు. అడుక్కునెటోని లెక్క పోతే కడుపుల మాట చెప్తరు" అన్నాడు. ప్రార్థన అడిగితేనే చేసేవాడు, అదీ నాలుగు మాటలు. రాళ్ళు కొట్టే ఒకామె, "మా దేవునికి మేం చెప్పుకున్నం. నీ దేవునికి గూడ ఒక మాటెయ్యి. ఎవలు ఖాళీగుంటె వాళ్ళు సూస్తరు" అంది. ఆయన ఆ మాట నెలరోజులు చెప్పుకుని నవ్వాడు.

మళ్ళీ వస్తానని ఎవరికైనా మాటిస్తే తువ్వాల అంచున వేలాడే కుచ్చుల్లో ఒకదానికి ముడి వేసేవాడు. వెళ్ళివచ్చాక విప్పేవాడు. కాగితం మీద ఒక్క అక్షరం రాసేవాడు కాదు. నాకిది సహించరాని వ్యవహారంగా కనిపించింది. ముడి మీద పేరుండదు, తేదీ ఉండదు, అన్ని ముళ్ళూ ఒకటే. "ఏ ముడి ఎవరిదో ఎట్ల తెలుస్తది పెద్దబాపూ?" అంటే, "గా గల్లీలకు పోంగనే చెయ్యి దానిమీదికే పోతది" అన్నాడు. చలికాలం మొదట్లో ఒక ఆదివారం ఆయన్ను వసారాలో కూర్చోబెట్టి, మిల్లులో అంచు వంకరగా తెగి పక్కన పడేసిన మందపు కాగితాలను చీట్లుగా కోసి, గీతలు గీసి జాబితా మొదలుపెట్టాను. పేరు, బస్తీ, జబ్బు, చివర చూసిన రోజు, మళ్ళీ చూడాల్సిన రోజు. ఆయన కళ్ళు మూసుకుని ఆ కుచ్చు ఈ కుచ్చు తడుముతూ చెప్పడం, నేను రాయడం, రాసిన ముడి విప్పడం. నేతపనివాడి కొడుకుని కనక ఎంత బిగిసిన ముడైనా గోటితో ఇట్టే విప్పేవాణ్ణి. ఉత్సాహం ఎక్కువై ఆయన చెప్పే వేగం కంటే నా గోరు వేగం పెరిగింది. చివరికి చూస్తే పదిహేడు ముళ్ళు విప్పాను, పదహారు చీట్లు రాశాను.

పెద్దబాపు ఖాళీ తువ్వాలను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. "ఒకటి తక్కువున్నది కొడుకా" అన్నాడు. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. "ఎవలకో మాటిచ్చిన. ఎవలో నాకోసం తొవ్వ సూస్తున్నరు. ఆసుపత్రిల ఉన్నోళ్ళయితె? నేనొస్తనని సూసుకుంటనే పాణం పోతె?"  ఆ పూట అన్నం కూడా కలిపి వదిలేశాడు. పెద్దమ్మ చీట్ల కట్టను చూసి, "మంచి మందముంది కాయితం, దీపం కింద పెట్టుకుంట" అని మాత్రం అంది.

మర్నాటి నుంచి, డ్యూటీ దిగగానే ఆయన వెంట తిరగడం నా పని. తప్పు నాది కాబట్టి వెతికే పద్ధతి కూడా నేనే గీశాను. ఊరిని బస్తీలుగా, బస్తీలను వరుసలుగా విడగొట్టి, ఒక్క గడప వదలకుండా "మళ్ళ వస్తనని మాటిచ్చిన్నా?" అని అడగడం. ఈ పద్ధతిలో ఒక లోపముందని రెండో రోజే తెలిసింది. అందరూ ఇచ్చావనే అన్నారు. కాలు విరిగి మంచంలో ఉన్న బాయిలర్ పనివాడు, "ఇయ్యలే గని ఇచ్చినవనే రాసుకో, రేపు గూడ రా" అన్నాడు. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక ముసలామె, "మూడుసార్లన్నవ్ వస్తనని. ఇప్పుడు కారణం చెప్పుడెందుకు, కూసో" అని చాప పరిచింది. టాంగా నడిపే సాయబు గుర్రానికి గడ్డి వేస్తూ, "యాది లేని ముసలోడు ఇంకో యాది లేని ముసలోణ్ణి అడుగవట్టె. ఫికర్ జెయ్యకు భాయ్, దొరికెదాక ఇక్కన్నే ఉండు, చాయ్ తాగు" అన్నాడు. ఒక్క ముడికి హక్కుదారులు ముప్పై నలుగురు తేలారు. జైనూర్ అడవుల నుంచి వెదురు తెచ్చే బండ్లవాళ్ళు బండ్ల కింద పడుకుని ఉంటే, వాళ్ళను కూడా ఒక్కొక్కరినే అడిగాము. పసుపు పచ్చని ఎండ వెదురు కట్టల్లోంచి చారలు చారలుగా పడుతుంటే, ఆ చారల మధ్య కూర్చుని ఆయన ప్రతి ఒక్కరి దగ్గరా నీళ్ళు తాగాడు. ఆ పది పదకొండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిజంగా నడిచినట్టు ఉండదు. ఏదో మెత్తని గుడ్డలోంచి ఊరిని చూసినట్టు ఉంటుంది.

పదకొండో రోజు ఆసుపత్రి చివరి మంచం కూడా అయిపోయింది. తిరిగొచ్చి పెద్దబాపు వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. దీపం పెట్టే వేళ. తువ్వాల ఒళ్ళో వేసుకుని కుచ్చులు తడుముతున్నాడు. చెయ్యి ఒక మూలకు పోయి ఆగింది. "కొడుకా, గా ముడి ఎట్లుండె? నా ముళ్ళ లెక్క లావుగుండెనా?"

అప్పుడు ఆలోచించాను. నిజానికి నా వేళ్ళకు ముందే తెలుసు. "లేదు. సన్నగుండె. రెండు కుచ్చులు కలిపి వేసింది. మగ్గం మీద తెగిన పోగు అతికినట్టు" అన్నాను. 

"అది నేను ఏసిన ముడి కాదు కొడుకా," అన్నాడు పెద్దబాపు. "మీ బాపు ఏసిండు. గీ స్తంభం కాడ్నే కూసోని ఏసిండు."

దసరా వెళ్ళిన వారానికి బాపు వచ్చాడట. నేను డ్యూటీలో ఉండే వేళ మిల్లు గేటు దగ్గర కనుక్కుని మరీ వచ్చాడట. "కండ్లు మసకవడుతున్నయ్ అన్నడు. పడుగుల పోగు తెగితె దొర్కుతలేదన్నడు. సాంతం పోకముందు వాని మొకం సూడాలె అన్నడు. మరి ఉండు, పొద్దుమీకితె వస్తడంటె ఉండలే. నేనొచ్చిన్నని చెప్తె మొకమాటానికి వస్తడు, వానంతట వాడు రావాలె, వాడు నవ్వుకుంట బువ్వ తినే దినం జూసి మెల్లగ చెప్పు అన్నడు. నేను ముడి ఏస్కుంటాంటె నవ్విండు. గదేం ముడి, పొద్దుమీకె వరకు ఊడుతది అని రెండు కుచ్చులు అందుకోని తిప్పిండు." పెద్దబాపు ఆగాడు. "ముడి ఉన్నన్ని దినాలు నేను రోజు సూస్తనే ఉన్న కొడుకా, ముడి పోంగనే మాట గూడ మతిల లేకపాయె. నువ్వు బువ్వ తినుకుంట గూడ ఏందో ఒకటి రాసుకుంటనే ఉంటివి."

ఊడని ముడి అది. ఆ ఊళ్ళో దాన్ని విప్పగలిగినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. లోపలి నుంచి పెద్దమ్మ, "నీకు చెప్పద్దన్నడని నేను నోరిప్పలే, గా ముడి గదేనని నాకెర్కలేకపాయె. మా ఇంట్ల నీళ్ళు గూడ తాగిండు. పైకెల్లి దోసిట్ల పోస్తనంటె వద్దన్నడు. నా కొడుకు తినే ఇల్లు గిది అని గిలాస మూతికి పెట్టుకోనే తాగిండు" అంది. నేను లేచి నా గదిలోకి వెళ్ళి, కుండను చూసి, వంటింట్లోకి వచ్చి ఆమె బిందెలోంచి ఒక గిలాసెడు ముంచుకుని తాగాను. 

మర్నాడు పొద్దుటి రైలుకు పెద్దపల్లి, అక్కడి నుంచి బస్సు, ఆపైన మూడు మైళ్ళు నడక. బాపు మగ్గం గుంట గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఎవలూ?" అన్నాడు.  దగ్గరికి వెళ్తే చొక్కా చెయ్యి రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపి చూశాడు. "మిల్లు బట్ట," అన్నాడు. "మిల్లుల నౌకరి జేసెటోడు మిల్లు బట్టనే తొడిగిండు. కూసో. మొకం ఎలుగు దిక్కు పెట్టు." గొట్టంలోంచి చూసినట్టు తల కొంచెం కొంచెంగా జరుపుతూ నన్ను ముక్కలు ముక్కలుగా చూశాడు. ముందు ముక్కు, తర్వాత మీసం, తర్వాత ఒక చెవి. తొందరపడలేదు. వారం తర్వాత కరీంనగర్‌లో డాక్టరు, కంటి నరం ఎండిపోయిందని, కొన్నాళ్ళ ముందు తెస్తే ఆపగలిగేవాళ్ళమేమో అని చెప్పాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ గొట్టం కూడా మూసుకుపోయింది.

ఆలస్యంలో ఎవరి వాటా ఎంతో నేను చీటీ మీద రాసి చూశాను. నా కోపానికి రెండేళ్ళు. బాపు పంతానికి, నా నవ్వు కోసం పెద్దబాపు చూసిన ఎదురుచూపుకు కలిపి రెండు నెలలు. నా జాబితాకు పదకొండు రోజులు. ప్రయాణానికి ఒకటి. పెద్దబాపుకు చదివి వినిపిస్తే, "గా పదకొండు దినాలు నా పేర రాయి" అన్నాడు. రాయలేదు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. తువ్వాలను ఆయనతోనే మట్టిలో పెట్టారు. అప్పటికి దానికి తొమ్మిది ముళ్ళున్నాయి. ఎవరూ విప్పలేదు.

బాపు ఇప్పుడు మగ్గానికి నూలు కండెలు చుడతాడు, తడుముకుంటూ. ఊరి నుంచి నేను బయల్దేరే ప్రతిసారీ నా రుమాలు అడిగి తీసుకుని రెండు కొసలు కలిపి ఒక ముడి వేసి జేబులో పెడతాడు. దాన్ని విప్పడం నాకు తెలుసు. కానీ మళ్ళీ వెళ్ళి ఆయన ముందు, వెలుగు దిక్కు ముఖం పెట్టి కూర్చునేదాకా విప్పను. ఈ సంగతి నా భార్యకు రాత్రి అన్నం దగ్గర చెప్పాను, ఏమీ రాసుకోకుండా. గోడ మీది జాబితాల్లో నేను గీత కొట్టిన రోజులన్నీ ఎటో వెళ్ళిపోతున్నాయి. ఈ ముడిలోని రోజు ఒక్కటి మాత్రం ఎక్కడికీ పోకుండా, నేను వచ్చేదాకా అక్కడే కూర్చుని ఉంటుంది.