అమ్మ అడిగిన కొర్రమీను

మా చిన్నప్పుడు... పొద్దు వాలుతుందనగా నాన్న గాలం కర్ర భుజాన వేసుకుంటే, ఎర డబ్బా పట్టుకుని నేను వెనకాలే పరిగెత్తేదాన్ని. ఆగిరిపల్లి దగ్గర మా మామిడితోట దాటితే వాగు. వాలుగైనా, కొర్రమీనైనా ఆ వేళకే ఒడ్డు దగ్గరికి వస్తాయి. వానపాము ఎరకు వాలుగ, కప్పపిల్ల ఎరకు కొర్రమీను అంటూ... నేను నోరు తెరిస్తే చాలు, "ఊరుకోవే వసపిట్టా!" అనేవాడు నాన్న.

ఆ ఏడు అమ్మకు జబ్బు చేసింది. బెజవాడ ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశారు. నయమైపోయిందనుకున్నా, పిచ్చిమొద్దుని. ముద్ద పెడితే తల తిప్పేసుకునేది. ఒకరోజు తనే అడిగింది.

"మామిడికాయ ముక్కలేసి కొర్రమీను పులుసు తినాలనుందండీ..."

అప్పుడు చూడాలి నాన్న మొహం! కాపు అయిపోయిన తోటంతా గాలించి, కొమ్మ చివర మిగిలిన రెండు పుల్లటి కాయలు కోసుకొచ్చి వంటింటి గూట్లో పెట్టాడు. ఇక చేప పడటమే తరువాయి.

పడితేగా! సాయంత్రాలన్నీ వాగు దగ్గరే. పరిగెలు పడ్డాయి, జెల్లలు పడ్డాయి, ఓసారి పెద్ద వాలుగ కూడా పడింది. అమ్మ అడిగింది మాత్రం పడలేదు.

చివరికి ఒకనాడు, పొద్దు గుంకుతుండగా తుంగ పక్కన నీళ్లు కదిలాయి. కొర్రమీను! నా చెయ్యంత ఉంది. నాన్న ఎర వెయ్యబోయి ఆగిపోయాడు. దాని చుట్టూ ఎర్రటి పిల్లలు, గుంపుగా...

పిల్లలకు కాపలా కాసే కొర్రమీను దగ్గరికి ఏదొచ్చినా మీదపడి కరుస్తుంది. ఎర వేస్తే పడి తీరుతుంది. తల్లి పోయిందంటే ఆ పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. అందుకే పిల్లలతో ఉన్నదానికి గాలం వెయ్యకూడదని మా పెద్దల కట్టడి.

"వెయ్యి నాన్నా... అమ్మకి!" అని ఏడ్చాను.

నాన్న కొక్కేనికున్న ఎర తీసేశాడు. తర్వాత తాడు చుట్టేశాడు. "పదమ్మా... రేపు చూద్దాం."

ఇంటికి రాగానే అమ్మకు అంతా చెప్పేశా. నాన్న గుమ్మంలోనే తలొంచుకుని నిలబడ్డాడు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"మంచిపని చేశారండీ. దాన్ని తెస్తే నాకు ముద్ద దిగుద్దా?"

ఆ వారం దాటకుండానే అమ్మ పోయింది.

నాకెంత కోపమో నాన్న మీద! చేప పిల్లల మీద ఉన్న జాలి నా మీద లేదా? వాటికి తల్లి కావాలి, నాకక్కర్లేదా? ఆ పులుసు తింటే అమ్మ బతికేదని నా నమ్మకం. దినాలయ్యాక వంటిల్లు సర్దుతుంటే, గూట్లో ఆ రెండు కాయలు పండిపోయి కనిపించాయి. వాటిని చేతుల్లో పెట్టుకుని నాన్న అక్కడే కూలబడి ఏడ్చాడు. మళ్లీ గాలం పట్టలేదు. కర్ర చూరులోనే చెదపట్టిపోయింది.

ఇప్పుడు నూజివీడు బజారులో పెంపకం కొర్రమీను ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతోంది, తొట్లలో ఈదుతూ. "తాజా సరుకమ్మా, తీసుకెళ్లండి" అంటారు. నేను గబగబా దాటిపోతాను. నాకూ ఇద్దరు పిల్లలు. అమ్మ మాట ఇప్పుడు అర్థమవుతోంది... అయినా ఆ ఒక్క ముద్ద పెట్టలేకపోయామే అన్న బాధ తీరదు.

మీ ఇంట్లో ఎవరైనా నోరు తెరిచి అడిగి, తినకుండానే వెళ్లిపోయారా? ఏం అడిగారో చెప్పండి... ఇవాళ నాతో పాటు కాసేపు తలుచుకుందాం.