మునిరత్నం అన్న తినని లడ్డు

నిన్న ఆదివారం. పొద్దున్నే మబ్బు పట్టింది, చినుకు లేదు. మేడమీద నీళ్ళ ట్యాంకు కడుగుతున్నాను.

ఫోన్ వచ్చింది. మునిరత్నం అన్న పోయాడని వాళ్ళ పెద్దమ్మాయి చెప్పింది.

బ్రష్ చేతిలోనే ఉంది. "సరేమ్మా" అన్నాను.

నేను పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదని మీకు తెలుసు. ఐదో క్లాసుతో బడి మానేశాను. చదవడం, రాయడం తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను. రోజూ డైరీలో నాలుగు లైన్లు రాసుకుంటాను, అంతే.

కానీ ఒక విషయం నలభై ఏళ్ళు ఆ డైరీలోనే దాచేశాను. అది ఈరోజు ఇక్కడ, మన వీధి గ్రూపులో చెప్పాలి.

రేణిగుంట రోడ్డులో నాది సైకిల్ షాపు. పక్కనే అన్నది మోటార్ వైండింగ్ షాపు. అంతకుముందు ఆయన ఎయిర్ ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్. డెబ్భై ఒకటి యుద్ధంలో ఒక బాంబర్ విమానం ఆయన చేతికింద ఉండేది. అందులో వెళ్ళేది ఇద్దరే. పైలట్ పంజాబీ సర్దార్. దారి చూపే నావిగేటర్ కేరళ ఆయన.

యుద్ధం అయిపోగానే ముగ్గురూ అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, గుండు చేయించుకోవాలని అనుకున్నారట. మరి సర్దార్ సార్ జుట్టు ఇవ్వడు కదా, ఎలా అని నావిగేటర్ అడిగాడట.

"ఆయన బదులు నాకే రెండుమార్లు గీస్తార్లే సార్ అంటి" అని చెప్పేవాడు అన్న. ఆ రోజుల గురించి ఈ ఒక్క ముక్క చెప్పేటప్పుడే ఆయన నవ్వేవాడు.

ఒక సాయంత్రం అన్న ఇంజిన్లు చూసి, అంతా బాగుందని బుక్కులో సంతకం పెట్టాడు. విమానం వెళ్ళింది.

మిగతావన్నీ తిరిగొచ్చాయి. అది రాలేదు.

చిన్న ముక్క కూడా దొరకలేదు. అన్న తప్పేమీ లేదని ఎంక్వయిరీలో తేల్చారు. ఆయన మాత్రం ఆ మాట నమ్మలేదు.

ఊరికి తిరిగొచ్చాక, తిరుపతిలోనే ఉంటూ, ఆయన ఒక్కసారి కూడా కొండెక్కలేదు. లడ్డు నోట పెట్టలేదు.

"ముగ్గురం పోతామంటిమి. నేనొక్కణ్ణే ఏ మొగం పెట్టుకోని పోయేదప్పా?" అనేవాడు.

మోటార్ బాగుచేశాక ప్రతి బోల్టూ మూడుసార్లు తడిమి చూసేవాడు. రైతులు ఎగతాళి చేసేవాళ్ళు.

"ఏమప్పా మునిరత్నం, ఈ మోటారు బావిలోకి దిగేదా, ఆకాశంలోకి ఎగిరేదా?"

"యాడికి పోయినా నడిమధ్యలో నిలిచిపోకూడదు గదప్పా" అనేవాడు, తలెత్తకుండా.

ఎనభైల మొదట్లో, ఆయన యూనిట్‌లో పనిచేసిన ఒకాయన షాపుకొచ్చి ఆ విమానం సంగతి తీశాడు. అతను వెళ్ళాక అన్న వారం రోజులు షాపు తెరవలేదు. సరిగా తినలేదు. అప్పుడు వదిన నా దగ్గరికొచ్చింది.

"ఆ విమానం మాటెత్తేవాళ్ళను ఈయన దగ్గరికి రానీయొద్దప్పా. నీకు పుణ్యముంటాది."

సరేనన్నాను.

ఏడాది తిరక్కముందే ఒక పెద్దాయన వచ్చాడు. గుండు, దానిమీద ఇంకా ఆరని గంధం. చేతిలో లడ్డు పొట్లం. వచ్చీరాని తమిళంలో తను ఫలానా అని చెప్పాడు.

నావిగేటర్ వాళ్ళ నాన్న.

అన్న ఆ రోజు వడమాలపేటలో మోటార్ బిగించడానికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి వచ్చేస్తాడు. నాకు తెలుసు.

"ఊళ్ళో లేడు సార్. ఎప్పుడొస్తాడో తెలీదు" అన్నాను.

ఆయన నా స్టూలు మీద కూర్చొని టీ తాగాడు. కొడుకు రాసిన ఆఖరి ఉత్తరం గురించి చెప్పాడు. మా ఫిట్టర్‌ది తిరుపతి, ఆయన చెయ్యి పెట్టిన ఇంజిన్ అంటే నాకు భయం ఉండదు అని అందులో ఉందట. యుద్ధం అయ్యాక కొండెక్కి గుండు చేయించుకుంటానని కూడా రాశాడట.

ఆ చేతులు ఒకసారి పట్టుకొని పోదామని వచ్చానన్నాడు.

అప్పుడైనా నేను నిజం చెప్పి ఆయన్ను కూర్చోబెట్టాల్సింది. అబద్ధం ఆడేశాను కదా, వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసింది.

అరగంట చూశాడు. లడ్డు నా చేతిలో పెట్టి, అన్నకు ఇమ్మని, రైలు టైమయిందని లేచాడు. అడ్రస్ అడగాలని కూడా నాకు తోచలేదు.

మధ్యాహ్నం అన్న వచ్చాడు.

"ఎవురో కొండకు పోయొచ్చి ఇచ్చినారన్నా" అన్నాను. ఆయన ఎప్పటిలాగే వీధిలో పిల్లలకు పంచేశాడు.

రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు కూడా గడిచాక, నిన్ననే ఎందుకు చెప్పలేదంటాడని భయం. ఏళ్ళు పోయేకొద్దీ ఆ భయమే పెరిగింది.

పోయిన నెల ఆస్పత్రికి ఆ పాత డైరీ తీసుకెళ్ళి, ఆ పేజీ చదివి వినిపించాను. అన్న కళ్ళు మూసుకొని విన్నాడు.

"గుండు కొట్టించుకోనుండెనా ఆయప్ప?"

"ఊ. గంధం గూడా ఆరలేదన్నా."

"కొడుకు మొక్కు తీర్చినాడు." కళ్ళు తెరిచి, "నా చేతులనా అడిగింది?"

"అవునన్నా."

దుప్పటి మీద చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆ లడ్డు పిల్లోళ్ళకు పెట్టేస్తినే" అన్నాడు. "అదొక్కటీ తినింటాను గదప్పా."

వదినా, నువ్వు ఇది చదువుతావు. నువ్వు ఆపమన్నది ఆయన్ను బాధపెట్టేవాళ్ళను. ఆ పెద్దాయన బాధపెట్టడానికి రాలేదు. ఆ తేడా తెలిసి కూడా పంపించేసింది నేను.

నిన్న మీ ఇంట్లో అన్న చేతులు రెండూ పట్టుకొని కూర్చున్నాను. బోల్టులు తిప్పి తిప్పి కాయలు కాసిన బొటనవేళ్ళు అలాగే గట్టిగా ఉన్నాయి.

పట్టుకోవాల్సింది నేను కాదు.

నిన్నటి పేజీలో తేదీ, మబ్బు, ట్యాంకు. అంతవరకే ఉంది. కింద ఏం రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

పోయిరా అన్నా. సార్లిద్దరూ ఎదురుచూస్తుంటారు, ముగ్గురూ నడిచే ఎక్కండి. సర్దార్ సార్ జుట్టు సంగతి నువ్వే చూసుకో.

నీ మనసు ఇకనైనా నెమ్మదించాలి.